బుకింగ్ రద్దయితే అడ్వాన్సు ఎవరి సొమ్ము?

ఒడిశాలోని బరంపురంలో మా వరండాలో కూర్చుని, మా తమ్ముడి కొడుకు తెచ్చిన కారు బుకింగ్ ఫారాన్ని భూతద్దం పెట్టుకుని చదివాను. ముందు పేజీలో కారు రంగు, సీట్ల తోలు, చక్రాల సైజు అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. వెనక పేజీలో చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో పద్నాలుగో షరతు ఉంది: కొనుగోలుదారు ఏ కారణంతో బుకింగ్ రద్దు చేసుకున్నా అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. ఆ కిందే వాడి సంతకం. ‘‘వెనక పేజీ చూడకుండా సంతకం పెట్టీసాను పెదనాన్నా, ఇప్పుడు ఆ డబ్బులు పోయినట్టేనా?’’ అని అడిగాడు.

విశాఖపట్నంలోని ఒక షోరూములో రెండు తలుపుల స్పోర్ట్స్ కారుకు వాడు 2 లక్షల రూపాయలు కట్టాడు. మూడు నెలల్లో వస్తుందన్న బండి ఏడు నెలలైనా రాలేదు, ఈలోగా ధర పెరిగింది, కుర్రాడు మనసు మార్చుకున్నాడు. అక్కడి మేనేజరు ఫోనులో ఆ పద్నాలుగో షరతే చదివి వినిపించాడు. స్పోర్ట్స్ కారు కొనగలిగినవాడికి 2 లక్షలు ఒక లెక్కా అని మా వీధిలో కొందరు అన్నారు గానీ, ఆ మాట నాకు సబబుగా తోచలేదు. అదే వాక్యం స్కూటరు బుకింగ్ కాగితం మీదా, ట్రాక్టరు బుకింగ్ కాగితం మీదా ఉంటుంది. పెద్ద మొత్తం దగ్గర న్యాయం తేలితే చిన్న మొత్తానికీ అది పనికొస్తుంది.

మన ఊళ్లలో ఇల్లో పొలమో బేరం కుదిరినప్పుడు బయానా ఇస్తాం. ఒడియాలోనూ దాదాపు అదే మాట. కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోతుందని అందరం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. షోరూముల వాళ్లు నమ్ముకున్నది ఈ నమ్మకాన్నే. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ చెప్పేది వేరు. ఒప్పందం తప్పినందుకు ఇంత చెల్లించాలని కాగితం మీద ముందే రాసుకున్నా, అవతలివాడికి దక్కేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే.

దీని మీద సుప్రీంకోర్టు 1969లో మౌలాబక్ష్ కేసులో ఇచ్చిన తీర్పును ప్రతి కొనుగోలుదారూ తెలుసుకోవాలి. సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేస్తానని ఆయన 18,500 రూపాయలు డిపాజిట్ కట్టాడు. సరఫరా సరిగా చేయలేదు, ప్రభుత్వం డిపాజిట్‌ను జప్తు చేసింది. బజారులో వేరేచోట కొన్నందుకు ఎంత ఎక్కువైందో లెక్క చూపగలిగి ఉండీ ప్రభుత్వం చూపలేదు కాబట్టి, ఆ డబ్బు తిరిగి ఇవ్వాలని కోర్టు తేల్చింది. 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసు ఇంకా ముందుకు వెళ్లింది. 3.12 కోట్ల వేలంపాటలో కట్టించుకున్న 78 లక్షల బయానాను ఢిల్లీ అభివృద్ధి సంస్థ జప్తు చేసి, ఆ తర్వాత అదే స్థలాన్ని 11.78 కోట్లకు అమ్ముకుంది. నష్టమే జరగని చోట బయానాను మింగడం కుదరదని కోర్టు ఆ 78 లక్షలనూ వడ్డీతో సహా వెనక్కి ఇప్పించింది. సమంజసమైన బయానా జప్తు చెల్లుతుందన్న తీర్పులూ ఉన్నాయి, ఆ సంగతి దాచడం తప్పు. 2025 ఫిబ్రవరిలో గోద్రెజ్ ప్రాజెక్ట్స్ కేసులో, ధరలో 20 శాతం జప్తుకు వీలిచ్చే షరతు ఏకపక్షమని, 10 శాతం కోత సరిపోతుందని అదే కోర్టు అంగీకరించింది. అది ఫ్లాటు వ్యవహారమే అయినా, సంతకం ఉన్నంత మాత్రాన షరతు శిలాశాసనం కాదన్న సూత్రం కార్లకూ వర్తిస్తుందని నా అభిప్రాయం.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ రద్దు వల్ల మీకు పోయిందెంత? కొనేవాడు కోరిన ప్రత్యేకమైన రంగుతో, కుట్టుతో ఫ్యాక్టరీలో బండి తయారీ మొదలైపోయి, దాన్ని మరొకరికి అమ్మడానికి ధర తగ్గించాల్సి వస్తే డీలరుకు నిజంగానే నష్టం ఉంది. ఆ మేరకు కోయడం న్యాయం, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆర్డరు ఇంకా ఫ్యాక్టరీకే పోకపోతే, లేక వెయిటింగ్ లిస్టులో వెనకనున్నవాడు అదే బండిని పెరిగిన ధరకు సంతోషంగా తీసుకుంటే, పోయిందేమిటి? ఏడు నెలలు ఆ 2 లక్షలు షోరూము ఖాతాలోనే ఉన్నాయి కదా.

‘‘మీ అడ్వాన్సు మీద జీఎస్టీ కట్టేశాం, అది పోను ఇస్తాం’’ అని మరో మాట వినిపిస్తుంది. మా వాడికీ ఈ మాటే చెప్పారు. వస్తువుల అమ్మకానికి తీసుకున్న అడ్వాన్సు మీద జీఎస్టీ కట్టనక్కర్లేదని 2017 నవంబరు 15న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, పన్ను బాధ్యత ఇన్వాయిస్ దగ్గర మొదలవుతుంది. ఇన్వాయిసే లేని బండికి కట్టిన పన్ను ఏదో చలానాతో చూపమని అడగండి.

వాయిదాలు వేసేవాళ్లు డీలర్లే కాదు. టెస్లా రోడ్‌స్టర్‌ను 2017 నవంబరులో ప్రకటించి, 50 వేల డాలర్లు రిజర్వేషన్‌గా తీసుకుని, 2020లో ఇస్తామన్నారు. 2018లో బుక్ చేసుకున్న ఓపెన్‌ఏఐ కంపెనీ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ ఏడేళ్లు ఎదురుచూసి 2025లో రద్దు కోరితే, ఆయన పంపిన ఈమెయిల్ ఆ చిరునామా పనిచేయడం లేదంటూ తిరిగొచ్చింది. ఆయన దాన్ని బహిరంగంగా పోస్టు చేశాక, 24 గంటల్లో డబ్బు తిరిగిచ్చేశామని టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ జవాబిచ్చారు. మన దేశంలోనూ 2016లో మోడల్ 3కి వెయ్యి డాలర్లు కట్టినవారికి ఆ సొమ్ము వెనక్కి ఇస్తామని టెస్లా చెప్పింది 2025లో. లోకమంతా వినేలా అరవగలిగే స్థోమత బరంపురం, రాయగడ, జయపురం మనిషికి ఉండదు. అతనికి ఉన్నది చట్టం ఒక్కటే.

సరిహద్దు జిల్లాల వాళ్లం ఇక్కడే ఎక్కువగా వెనకాడతాం. భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ సుమారు 260. షోరూము పక్క రాష్ట్రంలో ఉంది, వాయిదా వాయిదాకూ ఎవరు తిరుగుతారని వదిలేస్తాం. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ చిక్కు తీర్చింది. 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే, లేదా పనిచేసే చోటే కేసు వేయవచ్చు. విశాఖ షోరూము మీద మా గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చెల్లుతుంది, విచారణను వీడియో ద్వారా జరపమని కోరవచ్చు. లెక్కలోకి వచ్చేది కారు ధర కాదు, మనం చెల్లించిన సొమ్ము. 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధే, 5 లక్షల వరకు రుసుమే లేదు. గడువు రెండేళ్లు.

ఒక మెలిక ఉంది. నష్టానికి పొంతన లేని జరిమానాను ‘అన్యాయమైన ఒప్పందం’గా చట్టం నిర్వచించింది గానీ, ఆ పేరుతో ఫిర్యాదు వినే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చింది. ఒడిశా రాష్ట్ర కమిషన్ కటక్‌లో ఉంది. 2 లక్షల కోసం కటక్ వరకూ వెళ్లమనడం సామాన్యుడికి తలుపు మూయడమే, ఈ అధికారాన్ని జిల్లాలకూ ఇవ్వాలి. అప్పటిదాకా జిల్లాలో వేసే ఫిర్యాదును సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే మాటలతో రాసుకోవడం మంచిది. ఏకపక్ష షరతులను ఒప్పందంలో పెట్టడం అనుచిత వ్యాపార పద్ధతేనని సుప్రీంకోర్టు 2019లో పయనీర్ అర్బన్ కేసులో చెప్పింది. కారును మీ సొంత కంపెనీ పేరున బుక్ చేసి ఉంటే మాత్రం, వ్యాపార అవసరానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులే కారన్న వాదన ఎదురవుతుంది.

ఫోనులో రద్దు చేయడం రద్దు కాదు. మా వాడి చేత తేదీ వేసి ఈమెయిలూ, స్పీడ్ పోస్టులో ఉత్తరమూ పంపించాను. అందులో మూడు సంగతులు అడిగాం: ఫ్యాక్టరీకి ఆర్డరు పంపిన తేదీ, ఆ ఆర్డరు నంబరు, మీకు కలిగిన నష్టం లెక్క. పదిహేను రోజులకు జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాం. మరో మూడు వారాలకు వాడి ఖాతాలో 1,75,000 పడ్డాయి. మిగతా 25 వేలు ‘ప్రాసెసింగ్’ కింద తీసుకున్నామని ఒక్క ముక్క రాశారు. ఆర్డరు తేదీ గానీ నంబరు గానీ నేటికీ చెప్పలేదు. ఆ మిగిలిన 25 వేలకు గంజాం కమిషన్‌లో వేయబోయే ఫిర్యాదు ముసాయిదా ఇప్పుడు నా బల్ల మీద ఉంది.