క్రియాటినిన్ పెరిగిందని బీపీ మాత్ర మానేయకండి

గుంటూరు, విజయవాడ కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. ‘కిడ్నీలను పాడుచేసేది బీపీ, షుగరు మాత్రలే. క్రియాటినిన్ పెరగ్గానే ఆపేయండి. సైంధవ లవణం వాడండి. షుగరు దానంతటదే తగ్గుతుంది’ అని దాని సారాంశం. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం; రక్తంలో అది ఎంతుందో చూసి కిడ్నీల పనితీరును అంచనా వేస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది ప్రాణాల మీదికి తెచ్చే సలహా.

మొదటి మాటే తలకిందులు. రక్తాన్ని వడకట్టే సన్నని నాళాలను ఏళ్ల తరబడి దెబ్బతీసేవి అదుపు తప్పిన బీపీ, షుగరే. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలు ఆ నాళాల్లో ఒత్తిడిని, మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తాయి. లోసార్టాన్ షుగరు రోగుల్లో కిడ్నీల పతనాన్ని నెమ్మదింపజేస్తుందని 2001లోనే రుజువైంది. ఒత్తిడి తగ్గడం వల్లే మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. విజయవాడ సూర్యారావుపేట ల్యాబులో ఇచ్చిన కాగితంలో 1.6 కాస్తా 1.8 అయిందనుకోండి, అది ఎనిమిదో వంతు పెరుగుదల. 30 శాతం లోపైతే సాధారణంగా మాత్ర కొనసాగిస్తారు. మాత్ర మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూపించుకోవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ పరీక్షనే.

షుగరు మందులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఆపుతారు, నిజమే. అది కిడ్నీని తినేస్తుందని కాదు, బయటికి పోక ఒంట్లో పేరుకుంటుందని. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందు అయితే షుగరు లేని కిడ్నీ రోగులకూ మేలు చేస్తుందని 2020లో తేలింది.

‘షుగరు దానంతటదే తగ్గుతుంది’ అన్న మాట నన్ను అన్నిటికంటే భయపెడుతోంది. కిడ్నీ మందగించినప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకే షుగరు పడిపోతుంది. షుగరు జబ్బు నయమైందని ఇంట్లోవాళ్లు సంబరపడే సమయానికి కిడ్నీ జబ్బు ముదిరి ఉంటుంది. పాత మోతాదే కొనసాగిస్తే రాత్రిపూట చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. అప్పుడు మోతాదు తగ్గించాల్సింది వైద్యుడే.

సైంధవ లవణం కూడా సోడియం క్లోరైడే. దానితో పెట్టిన ఆవకాయ బీపీని ఏమీ కనికరించదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పులో చాలావరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ రోగుల్లో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

ఇంతా చెప్పిన ఆ సందేశంలో మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫెనాక్ ఊసే లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ముందుగా మానుకోవాల్సిన మాత్ర అది.