రాత్రిని రద్దు చేసిన నైట్ మోడ్ గారికి బహిరంగ లేఖ

తిరుపతి

మహారాజశ్రీ మొబైలు కెమెరా నైట్ మోడ్ గారి సముఖానికి, తిరుపతి వాస్తవ్యుడొకడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు మా జేబుల్లోనే కాపురం ఉంటున్నారు కాబట్టి తమ క్షేమ సమాచారం చార్జింగు శాతం రూపంలో గంటగంటకూ తెలుస్తూనే ఉంది.

తమరు 2018లో అవతరించారు. ఆ ఏడాది మార్చిలో హువావే వారి ఫోనులో, నవంబరులో గూగుల్ పిక్సెల్‌లో, మరుసటి సంవత్సరం సెప్టెంబరులో ఐఫోన్ 11లో వెలిసి, అక్కడి నుంచి మెట్టు మెట్టూ దిగుతూ మా వీధిలో పాలు పోసే అబ్బాయి ఫోనులోకి కూడా దయచేశారు. తమరు రాకముందు మా ఊళ్లో చీకటి పడితే ఫొటోలు మానుకునేవాళ్లం, లేకుంటే ఫ్లాష్ వేసి ఎదుటి మనిషి కళ్లను ఎర్రగానూ, వెనక ఉన్న గోపురాన్ని నల్లగానూ మార్చేవాళ్లం. తమరు వచ్చి ఆ బాధ తీర్చారు. ఇప్పుడు రాత్రి పదకొండు గంటలకు తీసిన ఫొటోలో కూడా మధ్యాహ్నం మూడు గంటల వెలుతురు ఉంటుంది. రాత్రి ఊరును ఫొటో తీసుకుందామని వచ్చినవాడి చేతిలో పగటి ఫొటో పెట్టి పంపే ఈ ఔదార్యం గురించే నేను తమతో నాలుగు మాటలు చెప్పుకోవాలి.

ముందు కొండ సంగతి. గరుడ సర్కిల్ దగ్గర నిలబడి చూస్తే పగలు శేషాచలం ఎర్రటి బండల అంచులతో నిండుగా కనిపిస్తుంది. పొద్దుగూకి బాగా చీకటి పడ్డాక కొండ కనబడదు. అక్కడ ఉన్నదని మాకు తెలుసు కానీ, కంటికి మాత్రం అలిపిరి మెట్ల దారి దీపాల వరస, దాని పైన గాలిగోపురం, శంఖుచక్రాల నడుమ నామం, ఇవన్నీ దేనికీ ఆనుకోకుండా ఆకాశంలో నిలబడి కనిపిస్తాయి. రైలు దిగి బయటికి వచ్చిన కొత్తవాళ్లు కొంచెంసేపు తికమకపడి, తర్వాత సంగతి తెలిసి, అక్కడే చేతులెత్తి గోవింద కొడతారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్లకు కూడా ఆ దృశ్యం పాతబడలేదు. దాన్ని తమ ముందు పెడితే తమరు మూడు నాలుగు సెకన్లు తీవ్రంగా ఆలోచించి, ఎవరూ అడగని కొండను ఎత్తుకొచ్చి దీపాల వెనక నిలబెడతారు. చెట్టు చెట్టూ, బండ బండా లెక్కకు వస్తాయి. ఆకాశం నేరేడుపండు రంగుకు తిరుగుతుంది. దీపాలకు ఆనుకోవడానికి గోడ దొరికింది కాబట్టి అవి ఇక ఉత్త కరెంటు దీపాలు.

కంటికి ఒక పద్ధతి ఉంది. రంగులు పోల్చే కణాలకు వెలుతురు కావాలి. వెలుతురు తగ్గేకొద్దీ అవి పని ఆపుతాయి, రంగు తెలియని మరో రకం కణాలు ఆ పని అందుకుంటాయి, చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. అందుకే రాత్రి వీధిలో సగం ఊరు బూడిద రంగులో ఉంటుంది, మిగతా సగం అంగడి దీపం పడిన మేరకే ఉంటుంది. తమరు ఆ పద్ధతికి లోబడి ఉండరు. చిన్న లెన్సులోంచి వచ్చే కొద్దిపాటి వెలుతురుతో ఒక ఫొటో తీస్తే అది గరుకుగా వస్తుందని, వరసగా పదో పదిహేనో తీసి, చేతి వణుకును సరిచేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు కడతారు. పదహారు ఫొటోలు కలిపితే గరుకు నాలుగో వంతుకు తగ్గుతుంది. లెక్క గొప్పది, నేను కాదనను. అయితే సగటు కట్టే లెక్కలో కదిలే వస్తువుకు చోటు దొరకదు. తిరుపతి రాత్రిలో కదలనిది గోవిందరాజస్వామి గోపురం ఒక్కటే.

బస్టాండు దగ్గర రాత్రి టిఫిన్ బండ్లు తమరు చూసే ఉంటారు. దోసె తీశాక మాస్టరు పెనం మీద నీళ్లు చిలకరించి పొట్టి చీపురుతో ఒక్క తుడుపు తుడుస్తాడు. ఆ క్షణంలో ఆవిరి గుప్పున లేచి, పైన కట్టిన ట్యూబులైటు వెలుతురును పట్టుకుని అతని ముఖం దాకా వచ్చి కరిగిపోతుంది. బండి మొత్తం మీద ఫొటో తీయదగినది ఏదైనా ఉంటే అదే. తమరు ఆ ఆవిరిని మురికి కింద జమకట్టి తుడిచేశారు. ముఖం మీది చెమటను, నాలుగు రోజుల గడ్డాన్ని కూడా తుడిచి, పెళ్లి ఆల్బంలో వరుడికి ఇచ్చే నునుపును ప్రసాదించారు. ఇక చెయ్యి విషయానికి వస్తే అది మోచేతి దగ్గర ఆగిపోయి, అట్లకాడ మాత్రం రెండు చోట్ల గాలిలో తేలింది. ఆయనకు ఫోను చూపించాను. "ఏంది సామీ, నా చెయ్యి యాడికి పాయె?" అన్నాడు. కదలకుండా ఉండమని ఫోను చెప్పిందన్నా అని నసిగాను. "నేను కదలకపోతే నీకు దోసె ఎట్లొచ్చేది?" అని, రెండో దోసె మీద ఎర్రకారం పూసి ఇచ్చాడు. తమ తరఫున ఆయనకు ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు.

నిజానికి కదలకుండా నిలబడే విద్యలో మా ఊరికి వచ్చే యాత్రికులను మించినవాళ్లు లేరు. వైకుంఠం కాంప్లెక్సులో గంటల తరబడి నిలబడి వచ్చినవాళ్లకు తమ నాలుగు సెకన్లు ఒక లెక్కా? మిగతా ఊరు మాత్రం తమ ఆజ్ఞకు లొంగదు. "కొండకా సామీ, కొండకా" అంటూ జీపుల పక్కన అరిచేవాడి నోరు, గాంధీ రోడ్డులో షట్టరు దించే కుర్రవాడి భుజం, పూలంగడిలో మల్లెమొగ్గలను జతకట్టి అరటినారతో ముడివేసే ముసలామె వేళ్లు, ఇవన్నీ తమ సగటులో పొగలా మిగిలిపోతాయి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకొక వేషం కట్టి ఊరు ఊరంతా చిందేస్తుంది. ఆఖరి రాత్రి గుడి ముందు మట్టితో నిలబెట్టిన అమ్మవారి విశ్వరూపం చెంప నరికి ఆ మట్టిని పంచేటప్పుడు జనం మీద పడి ఎగబడతారు. అప్పుడు కూడా ఫోను తెర మీద కదలకుండా పట్టుకోమని తమరు ఇచ్చే సలహా చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రంగుల విషయంలో తమ పట్టుదల వేరే చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందటి దాకా మా వీధులకు సోడియం దీపాల పసుపు ఉండేది. 2015 జనవరిలో కేంద్రం జాతీయ వీధిదీపాల కార్యక్రమం మొదలుపెట్టాక ఆ పసుపు పోయి ఎల్‌ఈడీ తెలుపు వచ్చింది. కరెంటు ఆదా అయింది, సంతోషమే. అక్కడక్కడా సందుల్లో, పాత లాడ్జీల గుమ్మాల్లో ఇంకా కొంత పసుపు మిగిలి ఉంది. దాని కింద తెల్లపంచె నిమ్మపండు రంగులో, ఎర్రచీర ఇటుక రంగులో కనిపిస్తాయి. పాత బజారు నడిరేయి రంగు అదే. తమరు దాన్ని చూడగానే ఇదేదో జబ్బు అనుకుని వైద్యం మొదలుపెట్టి, పంచెను పంచెలా, చీరను చీరలా సర్ది, ఆ సందును ఏ ఊరిదైనా కాగల సందుగా మార్చి అప్పగిస్తారు. 17వ శతాబ్దంలో మట్లి రాజులు కట్టించిన ఏడంతస్తుల గోవిందరాజస్వామి గోపురానికి ఉత్సవాల్లో సీరియల్ సెట్లు వేస్తే, ఆ రంగులను మాత్రం ముట్టుకోకుండా ఇంకా రెట్టింపు చేస్తారు. ఉన్న రంగును తీసి లేని రంగును పెంచే ఈ న్యాయం ఏ శాస్త్రంలోదో తెలియడం లేదు.

చీకటిలో ఫొటో తీయడం తమతోనే పుట్టిన విద్య అని కొందరు పిల్లలు అనుకుంటున్నారు. 1930ల్లో పారిస్ రాత్రులను ఫొటోలు తీసిన బ్రాసాయి అనే మహానుభావుడు లెన్సు ఎంతసేపు తెరిచి ఉంచాలో సిగరెట్టుతో కొలిచేవాడు. కొంత వెలుతురు ఉంటే ఒక రకం సిగరెట్టు, మరీ చీకటైతే ఎక్కువసేపు కాలే మరో రకం. అంతసేపు ఆయన కెమెరా పక్కనే నిలబడి ఆ వీధిని చూస్తూ ఉండేవాడన్న మాట. మా ఊరి స్టూడియోల పెద్దలు కూడా రీలులో ఉన్న ముప్పైయారు ఫొటోల్లో రాత్రికి ఒక్కటి ఖర్చు పెట్టాలంటే ముందు పదిసార్లు అటూ ఇటూ తిరిగి చూసేవారు. మేము ఇప్పుడు శ్రీనివాస సేతు ఫ్లైఓవరు మీద బండి ఆపి, వెనక వచ్చేవాడి తిట్లు తింటూ, కొండ వైపు ఫోను ఎత్తి, తెర మీద గుండ్రటి గుర్తు తిరిగేదాకా ఆ గుర్తునే చూసి, ఇంటికి వెళ్లి మంచం మీద పడుకుని కొండను చూస్తున్నాం.

ఇప్పటిదాకా చెప్పినవి చిల్లర తగాదాలు. అసలు సంగతి రైల్వే స్టేషను ముందర ఉంది. యాత్రికులు దిగే విష్ణునివాసం చుట్టుపక్కల రోడ్డు అంచున రాత్రిపూట ఎంతమంది పడుకుంటారో తమకు చెప్పనక్కరలేదు. సర్వదర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లు, గది దొరకనివాళ్లు, గదికి డబ్బు లేనివాళ్లు, అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మూశాక దిగి తెల్లవారుజామున తెరిచేదాకా కాచుకున్నవాళ్లు. తలకింద సంచి, సంచి తాడు మణికట్టుకు రెండు చుట్లు, పక్కన చంటిబిడ్డ, బిడ్డ మీద తల్లి పైట కొస. ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు ఆ కాస్త చీకటే దుప్పటి. మనిషి కన్ను అటు తిరిగినా ముఖాలు పోల్చలేదు, పోల్చాలని ప్రయత్నించదు కూడా. తమరు పోలుస్తారు. పక్కకు తిరిగి పడుకున్న ఆడమనిషి ముఖం, తెరుచుకున్న నోరు, జారిన చీర, కాలి పట్టీలో ఊడిన మువ్వతో సహా తెచ్చి ఇస్తారు. దాన్ని తీసినవాడు "భక్తి పారవశ్యం" అని పేరు పెట్టి, పసుపు పువ్వులూ దండం బొమ్మలూ జతచేసి లోకానికి పంచుతాడు. నిద్రపోతున్న మనిషిని అనుమతి అడగడం కుదరదు కదా అని ఒకాయన నాతో వాదించాడు కూడా. ఆయన ఇంటి ముందు అరుగు మీద ఆయనే పడుకుని ఉండగా ఎవరైనా ఇలా తీస్తే ఏమంటారో అడిగాను. ఆయన ఏసీ గదిలో పడుకుంటారట.

తమ పప్పులు ఉడకని చోటు ఒకటి ఉంది. ఆ చోటికి వెళ్లేవాళ్లు తమరిని సెల్‌ఫోను కౌంటరులో అప్పగించి రసీదు పుచ్చుకుని వెళతారు. లోపల గర్భాలయంలో నేతి దీపాల వెలుతురు తప్ప మరేదీ ఉండదు. "జరగండి, జరగండి" అన్న కేకల మధ్య దొరికేది కొన్ని సెకన్లు, అంటే తమరు ఒక ఫొటోకు తీసుకునేంత సమయం. ఆ కొన్ని సెకన్లలో చూసినదాన్ని మా అవ్వ బతికినన్నాళ్లూ చెప్పేది, కిరీటం దగ్గర ఎంత వెలుగు ఉందో, పాదాల దగ్గర ఎంత చీకటి ఉందో వేలు చూపి చెప్పేది. ఆమె చెప్పిన చీకటి కూడా మాకు గుర్తుంది. కౌంటరు దగ్గర తమరిని వెనక్కి తీసుకునే లోపల ఆ చూసినది ఎవరికైనా చెప్పుకోవాలని జనం గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటారు. ఫోను చేతికి రాగానే మాటలు ఆగిపోతాయి.

నా కోరికలు పెద్దవి కావు. చీకటి పడగానే ఎవరూ పిలవకుండా తమంతట తాము నెత్తిన ఎక్కి కూర్చునే అలవాటు మానుకోవాలి. పిలిస్తే రావాలి. వచ్చినప్పుడు కూడా ఆవిరిని ఆవిరిగా, పసుపును పసుపుగా ఉండనివ్వాలి. తెరలో పడుకున్న మనుషులు కనిపిస్తే కళ్లు మూసుకోవాలి. పెళ్లికూతురి కనురెప్పలను వెంట్రుకతో సహా గుర్తుపట్టగలిగిన తమకు నిద్రను గుర్తుపట్టడం అంత కష్టమా?

చివరిది వ్యక్తిగతమైన మనవి. మా సందులో వీధిదీపం ఒకటి చాలా కాలంగా వెలగడం లేదు. సంబంధిత కార్యాలయానికి ఫిర్యాదు చేస్తే రాత్రిపూట తీసిన ఫొటో జతచేయమన్నారు. మా పక్కింటి పెద్దాయన పొద్దుపోయాక సందు మధ్యలో నిలబడి, ఊపిరి బిగబట్టి, చీకటిని ఫొటో తీసి పంపారు. తమరు ఊరుకుంటారా? వాకిళ్లలో ముగ్గుల చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు, ఎదురింటి గోడ మీద ట్యూషన్ సెంటరు ఫోను నంబరు చదువుకోవచ్చు, వెలగని దీపం కింద పడుకున్న కుక్క మెడలోని తాయెత్తు కూడా తళతళలాడుతోంది. "ఫొటోను పరిశీలించగా వీధిలో తగినంత వెలుతురు ఉన్నట్లు తెలిసినందున ఫిర్యాదు మూసివేయడమైనది" అని జవాబు వచ్చింది. కాబట్టి తమరు వీలు చూసుకుని సదరు కార్యాలయానికి స్వయంగా హాజరై, ఆ ఫొటోలో ఉన్న వెలుతురు పూర్తిగా తమ స్వార్జితమనీ, అందులో ప్రభుత్వానికి ఏ భాగమూ లేదనీ వాంగ్మూలం ఇవ్వవలసిందిగా ప్రార్థన. ఫిర్యాదు నంబరు పెద్దాయన దగ్గర ఉంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
చీకటి సందు నివాసి

తా.క. పెద్దాయన ఇంటికి వచ్చేటప్పుడు మలుపులో కాలువ మీద బండ ఒకటి లేదు. మాకైతే ఆ చోట కాలు పెట్టాకే తెలుస్తుంది. తమకు దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి దిగులు లేదు.