ఉంగరం లాకర్లో ఉంది

మా ఇంటి ఓనర్లది కింది వాటా, మాది మేడ. మెట్లగది కిటికీకి తలుపులు లేవు కాబట్టి నేను చాటుగా విన్నానని ఎవరూ అనుకోకూడదు. చీరాలలో మా వీధి వీధంతా విన్నది. ఆయనకి బజార్లో బట్టల కొట్టు ఉంది. ఆవిడది కోనసీమ, రాజోలు పక్క. వచ్చే మే నెలకి పెళ్లయి 30 ఏళ్లు. ఏదో పాలసీ తాలూకు డబ్బు చేతికొచ్చింది. ఆవిడ ఇటలీలో వెనిస్ అంది. అక్కణ్ణించి మొదలు.

ఆవిడ: ఏవండీ, ఆ చిట్టా పుస్తకం మూసి ఒక్కసారి ఇటు చూడండి. అమ్మాయి పంపిన వీడియో.

ఆయన: చూశాలే. నీళ్లు, పడవలు, వంతెనలు. ముప్పై ఏళ్ల కిందట మీ ఊరికి పెళ్లిచూపులకొస్తే నేను చూసింది ఇదే గదా! రేవులో పంటు ఎక్కి, కాలవ గట్టెంట నడిచి, తాటిదుంగ మీద చేతులు చాపుకుని దాటా. అప్పుడు నన్నెవుడూ వీసా అడగలా.

ఆవిడ: మా ఊళ్లో 118 లంకలున్నాయాండీ? నాలుగొందల పైచిలుకు వంతెనలున్నాయా? ఊరు మొత్తం మీద ఒక్క కారు, ఒక్క స్కూటరు తిరగదట.

ఆయన: స్కూటరు తిరగని ఊళ్లో నేనేం జెయ్యాలి?

ఆవిడ: నడవాలి.

ఆయన: వంతెనకి ఎక్కే మెట్లు, దిగే మెట్లు. నా మోకాళ్ల సంగతి నీకు తెలవదా?

ఆవిడ: కిందటేడు తిరుమలకి 3,550 మెట్లు ఎక్కారు.

ఆయన: అక్కడ పైన దేవుడున్నాడు. ఇక్కడ వంతెన ఎక్కి చూస్తే ఇంకో వంతెన ఉంటది. అయినా ఆ ఊరు దేని మీద నిలబడిందో తెలుసా నీకు? బురదలో దిగ్గొట్టిన కొయ్య గుంజల మీద. సాలూతే అని ఒక చర్చి ఉందిలే, 1631లో మొదలెట్టారు, దాని ఒక్కదాని కిందే పది లక్షల పైన గుంజలంట.

ఆవిడ: నిలబడే ఉంది కదా! బురదలో గాలి ఆడదు, కొయ్య కుళ్లదు. మీరు దగ్గరుండి పోయించిన పోర్టికో స్తంభం రెండో వానాకాలానికే బీటిచ్చింది.

ఆయన: అది ఇసకలో ఉప్పు.

ఆవిడ: చవగ్గా వచ్చిందని ఆ ఇసక తోలించిందెవరు?

(మా వాటా ఆ స్తంభం మీదే ఉంది. ఇక్కణ్ణించి నేను కొంచెం శ్రద్ధగా వినడం మొదలుపెట్టాను.)

ఆయన: సరే, వరదలో? 2019లో 187 సెంటీమీటర్లు లేచింది నీళ్లు. ఫోటో చూశా, ఒకాయన తొడల లోతులో నిలబడి ఉన్నాడు.

ఆవిడ: అది నవంబర్లో. మనం వెళ్లేది మేలో. పైగా 2020 నుంచి సముద్రానికి 78 ఇనప తలుపులు పెట్టి మూస్తున్నారు. మన వీధికి ఏ తలుపుంది? తుపానొచ్చిన ప్రతిసారీ చెప్పులు చేత్తో పట్టుకుని తిరుగుతున్నాం.

ఆయన: ఫ్రీగా తిరుగుతున్నాం గదా.

ఆవిడ: అదిగో, అసలు సంగతి బయటికొచ్చింది. పాలసీ డబ్బు తీయాలంటే ప్రాణం పోతోంది మీకు. ఇంతకీ విన్నారా, అక్కడ నిట్టూర్పుల వంతెన అని ఒకటుందట. పొద్దుగూకే వేళ పడవలో దాని కిందకి వెళ్లి మొగుడూ పెళ్లాం... అదీ... పెట్టుకుంటే కలకాలం కలిసుంటారట.

ఆయన: ఏం పెట్టుకుంటే?

ఆవిడ: మీకన్నీ విడమరిచి చెప్పాలి!

ఆయన: అది జైలు వంతెన. కోర్టు నుంచి ఖైదీలని దాని మీదగా కొట్లోకి తోలేవాళ్లు. కిటికీలోంచి ఆఖరిసారి ఊరు చూసి నిట్టూర్చేవాళ్లంట. మొగుడూ పెళ్లాలకి ఆ జాగానే దొరికిందా!

ఆవిడ: మీకు నిట్టూర్పు రాకుండా నేను చూసుకుంటాలెండి. ఆ వంతెన ముందు ఒక్క ఫోటో. ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి. మా నాన్నగారు మీకు పెట్టిన ఉంగరం, పెళ్లిలో నేను బిందెలోంచి తీసుకున్న ఉంగరం, రెండూ కనపడాలి. వదులైందని లాకర్లో పెట్టానన్నారుగా, రేపు తీసుకురండి. కంసాలికిచ్చి సరి చేయిద్దాం.

ఆయన: ...పడవ ఎంతంటావు?

(మూడు వారాలుగా పడవ పేరెత్తితే మండిపడే మనిషి తనంతట తనే పడవలోకి దూకాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది.)

ఆవిడ: గొండోలా అయితే పగలు అరగంటకి 90 యూరోలు. రాత్రి ఏడు దాటితే 110. సర్కారు రేటు, బేరం లేదు.

ఆయన: యూరో వంద రూపాయలేసుకో. తొమ్మిది వేలు. నిమిషానికి మూడొందలు! కొట్లో చీర పరిచి, మడతపెట్టి, మళ్లా పరిచి, టీ తెప్పించి ఇస్తే నాకు మిగిలేది అంత. అది నీళ్ల మీద నిమిషంలో పోద్ది.

ఆవిడ: మనిషికి కాదండీ, పడవకి. ఐదుగురిని ఎక్కించుకుంటారట.

ఆయన: ఆ మాట ముందు చెప్పవే! ఇంకో ముగ్గుర్ని చూసుకుంటే తలకి 18.

ఆవిడ: ముప్పయ్యో పెళ్లిరోజున షేర్ ఆటోనా?

ఆయన: పరిచయాలవుతయ్.

ఆవిడ: ఒకతను ఒక పక్కన నిలబడి ఒక్క తెడ్డుతో నడుపుతాడట. అందుకని పడవ ఎడం వైపు కుడి వైపు కన్నా 24 సెంటీమీటర్లు వెడల్పు చేసి కడతారు. ఎనిమిది రకాల కలప, 280 ముక్కలు.

ఆయన: వంకర పడవకి తొమ్మిది వేలు.

ఆవిడ: వంకరగా ఉంటేనే తిన్నగా పోతుందటండీ. మీతో కాపురం చేసిన దాన్ని, నాకు ఆశ్చర్యం లేదు.

ఆయన: ఇదిగో, నేనూ చూశాలే. రెండు యూరోల పడవ ఉంది. అదీ గొండోలానే. పెద్ద కాలవకి ఈ ఒడ్డున ఎక్కితే ఆ ఒడ్డున దించుతాడు. ఏడుసార్లు అటూ ఇటూ తిరిగామనుకో, మనిషికి 14 యూరోలు, తనివితీరా ఎక్కినట్టు.

ఆవిడ: ఏడుసార్లు రేవు దాటడానికి అదేమైనా సప్తపదా?

ఆయన: బస కూడా చూశా. ఊళ్లో గాదు, మెస్త్రెలో. సగానికి సగం తక్కువ. రైలెక్కితే నీళ్ల మీద వంతెన దాటి పది నిమిషాలు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లకి రద్దీ రోజుల్లో ఊళ్లోకి పోను టికెట్ పెట్టారు గదా, 2024 నుంచి, అదీ పడదు. మెస్త్రె కూడా అదే మునిసిపాలిటీ.

ఆవిడ: తాడేపల్లిలో దిగి బెజవాడ చూసొచ్చినట్టు!

ఆయన: కనకదుర్గమ్మ తాడేపల్లి నుంచి కనపడదా?

ఆవిడ: నేను ఊళ్లోనే ఉంటాను. పొద్దున్నే కిటికీ తీస్తే కాలవ కనపడాలి. సాయంత్రం ఆ పెద్ద చౌకులో కాఫీ తాగాలి. 1720లో పెట్టిన కాఫీ కొట్టు ఇంకా నడుస్తోందట.

ఆయన: అక్కడ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఒక రేటు, పక్కన బ్యాండు వాయిస్తుంటే వాళ్ల పాటకి బిల్లులో ఇంకో గీత. చెవులు మూసుకుంటే తగ్గిస్తారేమో కనుక్కో. పోనీ ఇంటి పులిహోర మెట్ల మీద కూర్చుని తిందామా అంటే ఫైను. పావురాలకి నాలుగు గింజలేద్దామా అంటే 2008 నుంచి అదీ బందు.

ఆవిడ: తిండి సంగతి నాకొదిలేయండి. కందిపొడి, ఆవకాయ, గోంగూర సర్దుతా. నెయ్యి మాత్రం తీసుకురానివ్వరు. పాలు, పాలతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరట.

ఆయన: నెయ్యి లేకుండా కందిపొడా! ఆ ఊరి వర్తకులు 828లో ఏం జేశారో తెలుసా? సెయింట్ మార్కు గారి అస్థికలు అలెగ్జాండ్రియా నుంచి ఎత్తుకొచ్చారంట, పైన పంది మాంసం కప్పి. తనిఖీ వాళ్లు ముక్కు మూసుకుని వదిలేశారంట. వాళ్ల పెద్ద చర్చి ఆయన పేరు మీదే గదా! అట్టాంటోళ్ల ఊరికి గిద్దెడు నెయ్యి తీసుకుపోతే నేను దొంగనా?

ఆవిడ: కాశీకి వెళ్తే ఇష్టమైంది వదిలి రావాలంటారు. మీరు వెళ్లేముందే వదలండి. చేపలుంటాయిలెండి. కవళ్లు వేయించి, ఉల్లిపాయలు వెనిగర్లో మగ్గబెట్టి, ఆ రెండూ కలిపి నానబెట్టి మర్నాడు తింటారట. అచ్చం మన పులుసు లాగే, మర్నాటికే రుచి.

(ఇక్కడ ఆయన ఒక్క క్షణం మెత్తబడ్డట్టు నాకు వినిపించింది. చేపల పులుసు అంటే ఆయన బలహీనత. కానీ వెంటనే తేరుకున్నాడు.)

ఆయన: పద్ధతి ప్రకారం చూసుకుంటే మనం పోకూడదు. ఆ ఊరోడు మార్కో పోలో పదిహేడేళ్లకి ఇల్లొదిలి, 24 ఏళ్లు తిరిగి, 1295లో కొంపకి చేరాడు. మన మోటుపల్లి సంగతి తన పుస్తకంలో రాశాడు. నోరు తిరక్క ముత్ఫిలి అన్నాడు. ఇక్కడ వజ్రాలు దొరుకుతయ్ అన్నాడు. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నంగా ఉంటదన్నాడు. బండేసుకుని పోయొచ్చే దూరం మోటుపల్లి. ఏడొందల ఏళ్ల కిందటే వాళ్లు మన సరుకు సంగతి రాసుకుపోతే, ఇయ్యాల మనం వాళ్ల దగ్గరికి పోవడమేంది?

ఆవిడ: వచ్చినవాళ్ల ఇంటికి తిరిగి వెళ్లడమే మర్యాద. ఏడొందల ఏళ్లు ఆలస్యమైంది, అంతే. అయినా అతను రాసిందంతా చెప్పరేం? ఆ రాజ్యాన్ని ఒక ఆడది నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందని కూడా రాశాడు.

ఆయన: ఆమె రాజుగారి పెళ్లాం అనుకున్నాడు! రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. అది కూడా సరిగా కనుక్కోనోడు...

ఆవిడ: ఏలిందా, లేదా?

ఆయన: ఏలింది.

ఆవిడ: ఆ గణపతిదేవుడే కదా మోటుపల్లిలో శాసనం వేయించింది? తుపానుకి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవారనీ, తను మాత్రం సుంకం పుచ్చుకుని మిగతాది వర్తకులకి వదిలేస్తాననీ?

ఆయన: 1244లో. మా కొట్లో కేలండరు మీద కూడా వేయించా.

ఆవిడ: మీరూ పాలసీ డబ్బులో సుంకం పుచ్చుకుని మిగతాది నాకు వదిలేయండి.

(కిందినుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత వీసా గొడవ నడిచింది. తలకి 90 యూరోలు, ఇన్సూరెన్సు, బ్యాంకు కాగితాలు. వీసా కాగితాల గురించి హాస్యం రాయడం నావల్ల కాదు, ముందుకు పోదాం.)

ఆవిడ: మనం వెళ్లే రోజులకే పండగ కూడానండీ. ఈస్టర్ అయిన నలభయ్యో రోజు దాటాక వచ్చే ఆదివారం ముచ్చట. సముద్రానికి పెళ్లి చేస్తారట.

ఆయన: ఆ, అది నాకెందుకు తెలవదు! వాళ్ల దొరని డోజి అంటారు. బంగారు పూత పూసిన పడవెక్కి, బ్యాండు మేళంతో సముద్రంలోకి పోయి, ‘నిన్ను పెళ్లాడుతున్నాం’ అని ఉంగరం నీళ్లలో వేసేవాడు. 1797లో నెపోలియన్ వచ్చి ఆ దొరతనం ఊడబీకిందాకా ఏటా ఇదే తంతు. ఇప్పుడు మేయరు వేస్తన్నాడు.

ఆవిడ: ఏటేటా ఉంగరమే!

ఆయన: దండగ లెక్క గాకపోతే ఏంది? వందల ఉంగరాలు పోయినయ్. సముద్రంలో పడ్డ ఉంగరం దొరకటమంటే నువ్వనుకున్నంత తేలిక గాదు. అల వెనక్కి పోయేప్పుడు కాళ్ల కింద ఇసక జారిపోద్ది చూడు, దాంతోపాటే పోద్ది. మోకాలి లోతేగా, తీద్దాంలే అనుకుంటాం. గంటసేపు కెలికినా గవ్వలూ, ఎవుడిదో కొబ్బరి చిప్పా వస్తయ్. వలలోళ్లకి రెండొందలిచ్చినా లాభం లేదు.

(ఫ్యాను చప్పుడు మేడ మీదికి వినపడింది.)

ఆవిడ: ఆ డోజి ఉంగరం వేసేది పడవ మీంచి కదా?

ఆయన: ఆ.

ఆవిడ: మరి మోకాలి లోతులో కెలికిందెవరండీ?

ఆయన: ...

ఆవిడ: వలవాళ్లకి రెండొందలు యూరోలా, రూపాయలా?

ఆయన: రూపాయలే.

ఆవిడ: ఏ రేవు?

ఆయన: వాడరేవు. మూడేళ్లయింది. కార్తీక పున్నమి. నువ్వు ఒడ్డున దీపాలు ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నావ్. షుగరొచ్చి వేళ్లు సన్నబడినయ్ గదా... దోసిట్లో నీళ్లు పట్టి వదిలా. వాటితోపాటు పోయింది.

ఆవిడ: మరి లాకర్లో ఉందన్నారు?

ఆయన: లాకరే గదా అది కూడా. ఎవుడూ తియ్యలేడు.

ఆవిడ: పక్కన పంతులున్నాడా?

ఆయన: ఉన్నాడు. అందరికీ కలిపి సంకల్పం చెప్పాడు.

ఆవిడ: గోత్రం చెప్పుకున్నారా?

ఆయన: చెప్పుకున్నా.

ఆవిడ: ఇంకేం. పున్నమి ముహూర్తం, పంతులు, గోత్రనామాలు. మా నాన్నగారి ఉంగరం పెట్టి శాస్త్రోక్తంగా చేసుకున్నారు.

ఆయన: చేసుకోలేదే, జారింది!

ఆవిడ: పెళ్లిలో బిందెలో ఉంగరం మూడుసార్లు వేస్తే మూడుసార్లూ నేనే తీశాను. బిందెలోనే దొరకని మనిషి సముద్రంలో గంటసేపు వెతికారా! నన్ను పిలిస్తే ఏం పోయేది?

ఆయన: తిడతావని.

ఆవిడ: తీసేదాన్ని.

(దీనికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆ మాట అన్న తీరు చూస్తే నిజంగానే తీసి ఉండేది.)

ఆయన: ఇప్పుడేం జేద్దామంటావ్?

ఆవిడ: ఏముంది, సవతి ఉండనే ఉంది. దాని పెద్దింటి వారు ఎలాంటివాళ్లో వెళ్లి చూసి, పసుపూ కుంకుమా ఇచ్చొద్దాం. బస ఊళ్లోనే. గొండోలా రాత్రిపూటది, మనిద్దరికే. రాయండి.

(చిట్టా పుస్తకం తెరిచిన చప్పుడు.)

ఆయన: గొండోలా, రాత్రి, ఇద్దరికి... పదకొండు వేలు. రాశా.

ఆవిడ: దాని కింద ఉంగరం.

ఆయన: ఒకటి.

ఆవిడ: రెండు రాయండి. పడవెక్కాక చెయ్యి నీళ్లలో పెట్టకుండా ఉండరు మీరు.