తుపాకీ ముందా, కోర్సు ముందా

టెక్సాస్‌లోని ఫ్రిస్కో. ఈమధ్యే గ్రీన్‌కార్డు వచ్చిన మరిది తొలిసారి పిస్టల్ కోర్సుకు పేరిచ్చాడు. శనివారం క్లాసు. ఉంటున్నది అన్నావదినల ఇంట్లో, వాళ్లిద్దరూ సిటిజన్లు. వదిన గుంటూరులో చదువుకునేటప్పుడు ఎన్‌సీసీ కేడెట్. ఇక్కడా అప్పుడప్పుడు కాల్పులు సాధన చేసే రేంజ్‌కు వెళ్తుంది, కానీ ఇంట్లో ఇంతవరకు తుపాకీ లేదు. క్లాసుకు ముందే సొంత పిస్టల్ కొనాలా అన్నది ఇద్దరి మధ్య వాదం. నా మొగ్గు వదిన వైపు, దాచను. మరిది మాటల్లోనూ కొట్టిపారేయలేనివి ఉన్నాయి.

మరిది: వదినా, రేపు నా దగ్గర ఉండబోయేది ఏ పిస్టలో దానిమీదే కదా నేర్చుకోవాలి? రేంజ్‌లో అద్దెకిచ్చేవి వందల చేతులు మారినవి. ఒకదాని పిడి లావు, ఇంకోదాని ట్రిగ్గర్ బిగువు. వాటికి అలవాటుపడి, మళ్లీ నాదానికి కొత్తగా అలవాటు పడాలా?

వదిన: నీ చేతికి ఏది కుదురుతుందో నీకిప్పుడు తెలియదు. షాపులో చిన్నగా, ముద్దుగా కనిపించింది కొంటావు. పిస్టల్ తేలికైనకొద్దీ చేతిని గట్టిగా తంతుంది. పది రౌండ్లు, అంటే పది తూటాలు కాల్చేసరికే జంకు పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కబోయే ముందు మణికట్టు దానంతటదే కిందికి వంగుతుంది, గుండు టార్గెట్ కింది అంచున పడుతుంది. ఒకసారి పట్టుకున్న జంకును వదిలించడానికి చాలా కాలం పడుతుంది. నువ్వు హైదరాబాద్‌లో డ్రైవింగ్ స్కూల్ కారు మీదే నేర్చుకున్నావు, నీ కారు తర్వాతే కొన్నావు.

మరిది: కోర్సులవాళ్లే సొంత పిస్టల్, దాన్ని నడుముకు పెట్టుకునే హోల్‌స్టర్, తూటాలు నింపే మేగజీన్లు మూడు తెమ్మంటున్నారు కదా?

వదిన: అవి తర్వాతి మెట్టు కోర్సులు. నువ్వు పేరిచ్చింది బేసిక్. వాళ్ల మెయిల్ నేనూ చదివాను. అందులో పిస్టల్ అద్దెకిస్తామనే ఉంది, హోల్‌స్టర్ ఊసే లేదు.

మరిది: అసలు టెక్సాస్‌లో క్లాసే తప్పనిసరి కాదు. 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టపరంగా అడ్డేమీ లేకపోతే 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. అయినా నేను నేర్చుకుంటానంటున్నాను, లైసెన్సు పరీక్ష కూడా రాస్తాను. అందులో 50 రౌండ్లు కాల్చాలి. 3 గజాల నుంచి 20, 7 నుంచి 20, 15 నుంచి 10. 250కి 175 రావాలి. సొంతది లేకుండా సాధన ఎలా?

వదిన: ఆ పరీక్ష ఈ శనివారం లేదుగా. ఎన్‌సీసీలో మాకు పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చి, తూటా మాత్రం చాలా రోజులు ఇవ్వలేదు. బోర్లా పడుకోవడం, ఊపిరి సగం వదిలి ఆపడం, గురి చెదరకుండా ట్రిగ్గర్ లాగడం, అన్నీ ఖాళీ రైఫిల్‌తోనే. అందుకే మొదటి ఐదు రౌండ్లకే చాలామందికి గ్రూపింగ్ వచ్చింది, అంటే గుళ్లన్నీ దగ్గరదగ్గరగా పడ్డాయి. ఈ వారం నువ్వు చేయాల్సిందీ అలాంటిదే. ఏ కన్ను బలమైనదో చూసుకో. నాలుగు సూత్రాలు నిద్రలో అడిగినా చెప్పేలా ఉండు. ఏ తుపాకీనైనా తూటాలతో నిండుగా ఉన్నట్టే చూడాలి. కాల్చదలచనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలియాలి.

మరిది: ఇవన్నీ క్లాసులో చెబుతారు.

వదిన: చెబుతారు. కానీ చప్పుడుకు బెదిరినప్పుడు ముందే ఒంటబట్టిందే పనిచేస్తుంది. ఇండోర్ రేంజ్‌లో ఒక్కో చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది. చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు, పైన చెవుల్ని కప్పేసే మఫ్స్, రెండూ పెట్టుకో. మెడ దాకా మూసే టీషర్టు వేసుకో. పిస్టల్ నుంచి ఎగిరొచ్చే వేడి ఖాళీ తూటా ఒకటి కాలర్‌లో పడితే మనిషి ఎగిరిపడతాడు, చేతిలోని పిస్టల్ ఎటు తిరుగుతుందో తెలియదు. నేను భయపడేది ఆ కాలిన మచ్చకు కాదు. వచ్చాక పిల్లల్ని ఎత్తుకునే ముందు బట్టలు మార్చు, చేతులు చన్నీళ్లతో, సబ్బుతో కడుక్కో. సీసం దుమ్ము బట్టల్ని పట్టుకుని వస్తుంది.

మరిది: సరే. బాబాయి కొడుకు, మన తమ్ముణ్ణి కూడా తీసుకెళ్దామనుకుంటున్నాను. వాడు గ్యాస్ స్టేషన్ పక్కనే అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. మన పిల్లలు స్టోర్లలో కాల్పులకు బలైన వార్తలు చదివి బాబాయి రోజూ ఫోన్ చేస్తున్నారు.

వదిన: ఆ భయం నాకూ ఉంది. కానీ వాడు ఎఫ్-1 మీద, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. ఎఫ్-1, ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ లాంటి వీసాల మీదున్నవాళ్లు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయంతే. రేంజ్‌లో అద్దె పిస్టల్ పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది.

మరిది: రేంజ్‌వాళ్లు వీసా ఎక్కడ అడుగుతారు వదినా? ఎంతమంది వెళ్లి కాల్చి ఫోటోలు పెట్టట్లేదు?

వదిన: వాళ్లు అడగనంత మాత్రాన చట్టం మారదు. ఆ ఫోటోయే సాక్ష్యం. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది, పైగా దేశం నుంచి పంపేస్తారు. వాడి చదువు, బాబాయి చేసిన అప్పు, అన్నీ ఒక్క మధ్యాహ్నానికి పణం పెట్టకు. వాణ్ణి తీసుకెళ్తానంటే నేనే బాబాయికి ఫోన్ చేస్తాను.

మరిది: తమ్ముడి విషయం వదిలేస్తున్నాను. నా పిస్టల్ మాత్రం వదలను. ఇంట్లో అర్ధరాత్రి ఎవరైనా జొరబడితే?

వదిన: నీకు బయటివాడే కనిపిస్తున్నాడు. 2021లో ఈ దేశంలో తుపాకీతో పోయినవాళ్లు 48,830 మంది, అందులో 26,328 ఆత్మహత్యలు. మా పెద్దాడికి పద్నాలుగేళ్లు. మార్కులు తగ్గిన రాత్రో, స్నేహితులు వెలివేసిన రాత్రో వాడి చేతికి అందేలా అది ఈ ఇంట్లో ఉండటానికి నేను ఒప్పుకోను. 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా తూటాలు నింపిన తుపాకీ వదిలేస్తే టెక్సాస్‌లోనూ నేరమే.

మరిది: ... వాడి గురించి నేను ఆలోచించలేదు వదినా. సేఫ్ ముందు కొంటాను. శనివారం అద్దెదే వాడతాను. కానీ నెలలోపు నాది తెచ్చుకుంటాను, అందులో మార్పు లేదు.

వదిన: సేఫ్ గోడకు బోల్టులతో బిగించాక తెచ్చుకో. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. కోడ్ నీకొక్కడికే తెలియాలి. మీ అన్నయ్యకు కూడా వద్దు.

మరిది: అన్నయ్యకెందుకు వద్దు?

వదిన: ఆయన ఒక్క క్లాసుకూ రాలేదు కాబట్టి. తెలియాలంటే శనివారం నీతో రమ్మను. ఇంకో సీటు ఉందేమో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కో.