హ్యాంగైన కంప్యూటరు ఏ రాష్ట్రం కిందకి వస్తుంది?

పర్లాకిమిడి ప్రజల తరఫున ఒక సంగతిని ప్రభుత్వాల దృష్టికి తేవలసి వస్తోంది. ప్రభుత్వాలని బహువచనం ఎందుకంటారా? అటు నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అది ఆంధ్ర. ఇటు మేము, గజపతి జిల్లా, ఒడిశా. మా దగ్గర పెళ్ళికార్డు తెలుగులో, కరెంటు బిల్లు ఒడియాలో, తిట్లు ఎదుటివాణ్ణి బట్టి.

సంగతేమిటంటే, మా మెయిన్ రోడ్డులో ఒక జెరాక్స్ షాపుంది. అందులో విండోస్‌కు బదులు లైనక్సు మీద నడిచే కంప్యూటరుంది. 2017 నాటి ఏఎండీ కంపెనీ మొదటి తరం రైజెన్ ప్రాసెసరు, సెకండ్ హ్యాండ్ మదర్‌బోర్డు, ఊరూ పేరూ లేని పవర్ సప్లై. పరీక్షల సీజన్లో పొద్దుటి నుంచి హాల్ టికెట్లు ప్రింటు తీసినా అది చెక్కు చెదరదు. యజమాని భోజనానికి లేచాడా, హ్యాంగ్. తెర మీద గడియారం ఒంటిగంటా నలభై దగ్గర ఆగిపోతుంది. మౌస్ కదలదు, క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలగదు. ఆయన మూడున్నరకి ఆవలిస్తూ వచ్చి చూసినా అక్కడ ఒంటిగంటా నలభయ్యే.

పనిచేసి చేసి పడిపోయినవాళ్ళను మనం చూశాం, సన్మానాలూ చేశాం. పని లేక పడిపోయే ఉద్యోగిని చూడడం ఇదే మొదలు.

తొలి విచారణ సంప్రదాయబద్ధంగానే జరిగింది. మెకానిక్ ర్యామ్ ఊడదీసి, పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చాడు. తర్వాత దుమ్మన్నాడు. ఆ తర్వాత వోల్టేజి అన్నాడు. చివరికి ‘వైరస్ అయ్యుంటాది బాబాయి’ అని తేల్చాడు. వైరస్ రాదని చెప్పి లైనక్సు ఎక్కించినవాడూ అతనే.

చదువుకున్న కుర్రాడొకడు కిందటి బూట్ తాలూకు జర్నల్, అంటే కంప్యూటరు తనకు తాను రాసుకునే చిట్టా, తెరిచి చూశాడు. ఒంటిగంటా ముప్పై తొమ్మిదికి ఏదో చిన్న పని సజావుగా పూర్తయిందని ఉంది. ఆపైన ఖాళీ. నేరం జరిగిన క్షణంలోనే నేరం రాసుకునే గుమాస్తా కూడా పోతే రికార్డు ఎక్కడినుంచి వస్తుంది? ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ పట్టుకుని ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ వరసగా నొక్కి, హ్యాంగైన లైనక్సును పద్ధతిగా మూసి రీబూట్ చేసే అంత్యక్రియ ఒకటుంది. దానికి పలికి రీబూట్ అయితే లైనక్సుకు గుండెకాయ లాంటి కెర్నెల్ లోపల ఊపిరితో ఉన్నట్టు, తప్పు ఏ గ్రాఫిక్స్ డ్రైవరుదో అయ్యుండొచ్చు. అసలు పలకలేదంటే రోగం ఇంకా కిందన, ఇనుములో ఉందని అనుమానించాలి. ఉబుంటు అనే లైనక్సు రకంలో ఈ ఆరింటిలో ఆఖరి మూడింటికే ముందస్తు అనుమతి ఉంటుంది. చావులో కూడా పర్మిషన్లు. మా కంప్యూటరు ఆ మూడింటికీ పలకలేదు.

తగాదా ఇక్కడే మొదలైంది. కెర్నెల్ పక్షంవాళ్ళు ‘తప్పు మదర్‌బోర్డుది, బయోస్ అప్‌డేట్ చెయ్యండి’ అంటారు. (బయోస్ అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము.) మదర్‌బోర్డు పక్షంవాళ్ళు ‘విండోస్‌లో బాగానే ఉంది కదా’ అంటారు. మాకిది కొత్త కాదు. కొరాపుట్ జిల్లా కొటియా పల్లెల కోసం ఆంధ్రా, ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కాయి. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా పెట్టింది. కాకపోతే కొటియాలో ఇద్దరూ నాదంటారు. హ్యాంగైన కంప్యూటరు విషయంలో ఇద్దరూ నాది కాదంటారు.

కెర్నెల్‌కీ మదర్‌బోర్డుకీ మధ్యనున్న ఈ సరిహద్దుకు ఏసీపీఐ అని పేరు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో రాసుకున్న ఒప్పందమది. నిద్ర ఎప్పుడు, మెలకువ ఎప్పుడు అన్న పట్టికలను మదర్‌బోర్డు ఇస్తుంది, కెర్నెల్ వాటిని నమ్మి నడుచుకుంటుంది. ఆ పట్టికలు రాసినవాళ్ళలో చాలామంది విండోస్‌లో బూట్ అయితే చాలని సంతకం పెట్టేసి వెళ్ళినవాళ్ళే. బూట్ సమయంలో మదర్‌బోర్డు అడుగుతుంది: నువ్వు విండోసేనా? లైనక్సు తడుముకోకుండా అవునంటుంది. పోనీ లైనక్సువా అంటే కాదంటుంది! ఒకప్పుడు నిజమే చెప్పేది. నిజం చెప్పినందుకు కొన్ని బోర్డులు వేరే దారిలోకి తీసుకెళ్ళి చిక్కుల్లో పడేయడంతో ఆ అలవాటు మానుకుంది. దీన్ని మోసమని విశాఖపట్నంవాళ్ళు అనుకుంటారేమో. బ్యాంకులో ఒడియా, బజార్లో తెలుగు, రైల్లో టీసీ వస్తే హిందీ మాట్లాడి పిల్లల్ని పెంచినవాళ్ళం, మేమైతే దీన్ని పౌరసత్వం అంటాం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళినప్పుడు గిడుగు రామమూర్తిగారు ఊరే విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. సాకెట్లో బిగించిన ప్రాసెసరుకు ఆ సౌకర్యం లేదు. ఇచ్చిన పట్టికలతోనే బతకాలి.

ఇక నిద్ర సంగతి. ప్రాసెసరులో పని చేసే భాగాన్ని కోరు అంటారు. పని చేస్తున్నప్పుడు అది ఉండే స్థితి సీ0. కాస్త ఆగితే సీ1. ఇంకా లోతుకు పోతే సీ6, అంటే కోరు తన స్థితిని ఒక మూల దాచుకుని వోల్టేజిని దాదాపు సున్నాకి దించేసుకునే గాఢనిద్ర. ఎప్పుడు ఎంత లోతుకు పోవాలో కెర్నెల్లో గవర్నర్ నిర్ణయిస్తాడు. నిజంగానే ఆ పదవి ఉంది, అక్కడ కూడా ఎవరూ ఎన్నుకోలేదు. కోర్లన్నీ ఒకేసారి పడుకుంటే కరెంటు వాడకం ఎంతగా పడిపోతుందంటే, అంత చిన్న లోడుకి కొన్ని పవర్ సప్లైలు నిలకడగా వోల్టేజి ఇవ్వలేవు. నిద్రపోయిన కోరు ఇక లేవదు. అందుకే తర్వాతి బయోసుల్లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఒక మీట పెట్టారు. దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మారిస్తే మొదటి తరం రైజెన్లు చాలావరకు కుదురుకున్నాయి. ఆ మీటను అడ్వాన్స్‌డ్ మెనూ లోపల ఏఎండీ సీబీఎస్ అనే అరలో దాచారు. ప్రజలకు పనికొచ్చే జీవోలు ఎక్కడ పెడతారో అక్కడే అన్నమాట.

ఇది రైజెన్ వారి సొంత గొడవేమీ కాదు. ఇంటెల్ బే ట్రయిల్ చిప్పులున్న చౌక ల్యాప్‌టాపులు కూడా ఇదే నిద్రజబ్బుతో కెర్నెల్ ఫిర్యాదుల పుస్తకమైన బగ్‌జిల్లాలో 109051 నంబరు ఫైలుగా ఏళ్ళ తరబడి నలిగాయి. వాటిని సీ1 దాటనివ్వకుండా కట్టేస్తే హ్యాంగ్ ఆగింది, బ్యాటరీ మాత్రం కరిగిపోయింది. రైజెన్ ఫైలు నంబరు 196683.

బయోస్‌లోకి వెళ్ళడం అపశకునమని మా మెకానిక్ నమ్మకం. కనుక చికిత్స గ్రబ్ లైనులో, అంటే బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కు అందించే ఆదేశాల వరసలో, మొదలైంది. ప్రాసెసర్ మ్యాక్స్ సీ-స్టేట్ 5 అన్న మంత్రం దేశమంతా చెల్లుబాటులో ఉంది కదా, ముందు అది పెట్టాడు. ఆ మొదటి తరం రైజెన్‌కి ఏసీపీఐ పట్టికలో కనిపించేది సీ2 వరకే. రెండే ఉన్నవాడికి ఐదు దాటొద్దని ఆజ్ఞ! వాడు ఆ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించి మర్నాడు భోజనవేళ మళ్ళీ హ్యాంగయ్యాడు. తర్వాత ఆర్‌సీయూ నో సీబీస్ అన్న ఇంకో మంత్రం. ఆ పైన పీసీఐఈ ఏఎస్‌పీఎం ఆఫ్. ఇంటెల్ చిప్పుల కోసం ఉన్న ఇంటెల్ ఐడిల్ కూడా పెట్టాడు, మిషను ఏఎండీది అయినా సరే. పెట్టే చెయ్యి లెక్కలు చూడదు.

యజమాని మాత్రం సొంత పరిష్కారం కనిపెట్టాడు. భోజనానికి వెళ్తూ భక్తి పాటలు పెట్టి వెళ్తాడు. కోర్లకు గాఢనిద్ర పట్టదు, హ్యాంగులు బాగా తగ్గాయి. ఇందులో దేవుడి వాటా ఎంత, ఆడియో డ్రైవరు వాటా ఎంత అని తేల్చేందుకు రెండు రాష్ట్రాల సంయుక్త సంఘాన్ని వెయ్యాలని ఈ వ్యాసకర్త డిమాండ్.

చివరికి ఆ చదువుకున్న కుర్రాడే ఎవరూ చూడకుండా బయోస్‌లోకి వెళ్ళి ఆ ఒక్క మీటా మార్చి వచ్చాడు. హ్యాంగ్ ఆగిపోయింది. ఘనత మాత్రం గ్రబ్ లైనుకు దక్కింది. అందులో ఏది పనిచేసిందో మెకానిక్‌కి తెలీదు కాబట్టి ఏదీ తియ్యకూడదని తీర్మానించాడు. ఎవరు కంప్యూటరు తెచ్చినా ఇప్పుడు ఆ లైను మొత్తం ఎక్కిస్తున్నాడు. పాతపట్నం నుంచి కూడా వస్తున్నారట. ఇక ఆ బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయి బయోస్ మొదటికొస్తే ఏమవుతుందన్నది రాబోయే ప్రభుత్వాలు చూసుకోవాల్సిన విషయం.

లైనులో ఒకచోట ఏఎస్‌పీఎం అన్న మాట ఇంగ్లీషు అక్షరాలు తారుమారయ్యాయి. కెర్నెల్ అభ్యంతరం చెప్పలేదు. ఈ పారామీటరు మాకు తెలియదు, యూజర్ స్పేస్‌కు (అంటే కెర్నెల్ పైన నడిచే ప్రోగ్రాములకు) పంపుతున్నాం అని లాగులో ఒక వాక్యం రాసి, ప్రతి బూటుకీ ఫైలును పైకి నెట్టేస్తోంది. యూజర్ స్పేస్ నుంచి ఇంతవరకూ జవాబు రాలేదు.