చూర్ణ మహాత్మ్యం

మన దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్ల 10 లక్షల మంది అని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. ఇంకా షుగర్‌లో పడకుండా గట్టు మీద నిలబడి ఉన్నవారు ఇంకో 13 కోట్ల 60 లక్షలు. ఆ లెక్క చూసి డాక్టర్లు తల పట్టుకున్నారు. చూర్ణాలూ క్యాప్సూళ్లూ అమ్మేవారు కొబ్బరికాయ కొట్టి ఉంటారు. ఈ ఇద్దరిలో దూరదృష్టి గలవారెవరో వేరే చెప్పాలా?

చూర్ణంలో నేను మెచ్చే గుణం ఒక్కటే: దానికి ఓటమి లేదు. డాక్టర్లు రాసే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మింగిన మనిషికి షుగర్ తగ్గలేదనుకోండి, డాక్టరుకు చేతకాలేదంటాం. చూర్ణం తిన్నాక తగ్గకపోతే మనం పథ్యం సరిగ్గా చేయలేదంటాం. డబ్బా వెనక కళ్లద్దాలు పెట్టుకుని చదవవలసినంత చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. మితాహారం తీసుకుంటూ, రోజూ నడుస్తూ, డాక్టరు ఇచ్చిన మందులు మానకుండా వాడితే చక్కని ఫలితం కనిపిస్తుందట. ఆ మూడూ చేస్తూ పొద్దున్నే గ్లాసెడు మంచినీళ్లు తాగినా అదే ఫలితం కనిపిస్తుంది. కాకపోతే మంచినీళ్లకు వాట్సాప్‌లో ప్రచారం చేసిపెట్టే బావమరిది లేడు. మూడు నెలల తర్వాత, సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె తొమ్మిది నుంచి ఏడున్నరకు దిగితే ఇంటిల్లిపాదీ చూర్ణానికి దణ్ణం పెడతారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం మనకు కొత్త కాదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. పోపుల పెట్టెలో ఉన్నంతకాలం మెంతులు మెంతులే. వాటినే పొడి చేసి, క్యాప్సూల్లో పోసి, డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ వేస్తే అవి పరిశోధన అవుతాయి. ధర కూడా పరిశోధనకు తగ్గట్టే ఉంటుంది. నేరేడు గింజలు, కాకరకాయలు, తిప్పతీగ అందరూ ఈ దారిలోనే పైకొచ్చారు. పొడపత్రి సంగతి మాత్రం వేరు, దాని ముందు నేనూ చేతులు కట్టుకుంటాను. ఆకును బాగా నమిలి, నాలుక మీద చిటికెడు పంచదార వేసుకుని చూడండి. తీపి తెలియదు. ఇసుక నమిలినట్టు కరకరలాడుతుంది. కాసేపటికి నాలుక మళ్లీ మామూలవుతుంది. నాలుకను ఏమార్చిన ఆకు రక్తాన్నీ ఏమార్చి తీరుతుందన్నది చూర్ణశాస్త్రానికి మూలసూత్రం. రక్తానికి నాలుక లేదు కదా అన్న అభ్యంతరం ఇంగ్లీషు వైద్యుల అసూయ.

ఇక చెట్టు మందుకు హాని లేదు, మాత్రలన్నీ కెమికల్స్ అనే సిద్ధాంతం ఉంది. మెట్‌ఫార్మిన్ పుట్టిల్లు కూడా ఒక మొక్కే. పేరు గలేగా. ఐరోపాలో పాతకాలం నుంచీ నాటువైద్యంలో ఉన్నదే, మేసిన గొర్రెల ప్రాణం తీసేదే. రసాయనవేత్తలు అందులోని పదార్థాన్ని పట్టుకుని, దానికి బంధువైన ఇంకొక దాన్ని తయారుచేసి, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు మనుషుల మీద ఫలితాలు ప్రకటించేదాకా వదల్లేదు. అంటే చెట్టు మందును పట్టుకుని, మోతాదు తేల్చి, విషం తగ్గించి, పూర్తిగా పాడుచేశారు.

శాస్త్రవేత్తలకు ఓపిక ఎక్కువ, అదే వారి లోపం. 2003లో పాకిస్తాన్‌లో 60 మంది మీద చేసిన అధ్యయనంలో దాల్చినచెక్క షుగర్ తగ్గించిందని తేలింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగకుండా పదేపదే పరీక్షించి, ఆ పరీక్షలన్నిటినీ 2012లో పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వారు కుప్పపోసి చూసి, ఆధారం చాలదు అన్నారు. విటమిన్ డి మీద అమెరికాలో 2,423 మందిని పోగుచేసి, రోజుకు 4,000 యూనిట్లు ఇచ్చి, షుగర్ రాకుండా ఆపడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2019లో ప్రకటించారు. క్రోమియం గురించి అడగకండి, అది నమ్మేవారి విషయం.

చట్టం కూడా ఉందండోయ్. షుగర్‌ను నయం చేస్తామని ప్రకటన వేయకూడదని 1954 నాటి చట్టం. 2024లో ఒక పెద్ద ఆయుర్వేద సంస్థ చేత సుప్రీంకోర్టు పత్రికల్లో క్షమాపణ వేయించింది. మీ ప్రకటనలంత పెద్దదిగా ఈ క్షమాపణ ఉందా అని కూడా అడిగింది. చూర్ణ భక్తులు పేజీ తిప్పేశారు. ఆహార పదార్థంగా లైసెన్సు పొందిన క్యాప్సూల్ డబ్బా మీదైతే ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని ముద్రించి తీరాలి. షుగర్ మీటరు బొమ్మ పక్కనే ఆ ముక్క ముద్రించే నిబద్ధత గల పరిశ్రమ మనది.

ఒక్క విటమిన్ మాత్రం ఈ కీర్తికి నోచుకోలేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గవచ్చు. అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లే అనుకుంటే కొన్నిసార్లు అసలు కారణం ఇదే అవుతుంది. రక్తపరీక్ష చేయించి, తక్కువుంటే మాత్రో ఇంజెక్షనో తీసుకుంటే సరి. ఇంత చౌకగా, ఇంత నిజంగా ఉంటే ఎవరు కొంటారు?

అన్నిటికన్నా చూర్ణం విలువ డాక్టరు గదిలో తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షిస్తే సుమారు ఐదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికాయని 2008లో రాశారు. చెప్పకుండా షుగర్ మాత్రలనే పొడిచేసి కలిపిన మూలికల డబ్బాలు కూడా పట్టుబడ్డాయి. ఇక్కడ ఒక రోగి రిపోర్టులో లివర్ అంకెలు పెరిగాయి, ఉన్నట్టుండి షుగర్ పడిపోయి ముచ్చెమటలు పోస్తున్నాయి. కాగితాలు అటూ ఇటూ తిప్పి, డాక్టరు అడుగుతారు: “వేరే మందులేమైనా వాడుతున్నారా?”

రోగి భార్య వైపు చూస్తాడు. ఆవిడ ఒళ్లోని సంచి మూతి బిగించి పట్టుకుంటుంది.

“ఏమీ లేవండీ.”

అబద్ధం అనడానికి వీల్లేదు. ఔషధం కాదని డబ్బా మీద రాసే ఉంది.