అప్ గారికి, మా అప్పుల లెక్క

ఇంగ్లిష్ మాటల్లో ఒకరైన మహారాజశ్రీ అప్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఆ చివరి మాట చూసి కంగారుపడకండి. మా తాతగారు ఉత్తరాలన్నీ అలాగే మొదలుపెట్టేవారు. అందులో ఉన్న ‘ఉపరి’ సంస్కృతం, పైన అని అర్థం. దానికీ మీ ఇంట్లో ఉండే ఓవర్ గారికీ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. అంటే మీరు మాకు ఎక్కడో దూరపు చుట్టం. చుట్టం కదా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు.

ముందు పేరు సంగతి. మాట చివర అచ్చు లేకపోతే మా నాలుకకి తోచదు. బస్సు, కారు, పెన్ను అన్నట్టే మా ఊళ్ళో మిమ్మల్ని ‘అప్పు’ అనేవాళ్ళం. ఆరో తరగతిలో ఇంగ్లిష్ మాస్టారు బోర్డు మీద పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం గీసి, "అప్ అంటే పైకి, డౌన్ అంటే కిందికి. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముందిరా?" అన్నారు. నిజమేననిపించింది. ఆ బాణాన్ని నమ్ముకుని నలభై ఏళ్ళుగా దెబ్బలు తింటున్నాను.

మొదటి దెబ్బ ఆ ఏడాది క్వార్టర్లీ పరీక్షలోనే. ‘ద బాయ్ వెంట్ స్ట్రెయిట్ అప్ టు ద టీచర్’ అన్న వాక్యాన్ని తెలుగులో రాయమన్నారు. స్ట్రెయిట్ తెలుసు, మీరు తెలుసు, టు తెలుసు. ‘ఆ బాలుడు నిటారుగా పైకి ఉపాధ్యాయుని వరకు వెళ్ళెను’ అని గుండ్రంగా రాసి వచ్చాను. పేపర్లు ఇచ్చేరోజు మాస్టారు నన్ను లేపి, "ఏరా, నేనేమైనా కొబ్బరిచెట్టు మీద కూర్చున్నానా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. తర్వాతెప్పటికో అర్థమైంది. వెనక టు వచ్చి నిలబడగానే మీలో ఉన్న ఎత్తు పోయి ‘దగ్గరికి’ మాత్రం మిగులుతుంది. ముందు స్ట్రెయిట్ చేరితే అది నిటారు కాదు, నేరుగా. ముగ్గురినీ విడివిడిగా ఎరిగిన నాకు ముగ్గురూ కలిసి వచ్చేసరికి సున్నా వచ్చింది.

సరే, టు తో కలిస్తే దగ్గరికి అని రాసిపెట్టుకున్నాను. ఉద్యోగంలో చేరాక ‘ఇట్స్ అప్ టు యూ’ అన్నారు. అంటే నీ ఇష్టం. ‘వాట్ ఆర్ యూ అప్ టు’ అన్నారు. అంటే ఏం వేషాలేస్తున్నావని. ‘అయామ్ నాట్ అప్ టు ఇట్’ అంటే నాకు ఓపిక లేదని. పక్కనున్నది అదే టు. మనిషి మారలేదు, మీరే మారుతున్నారు.

ఒకసారి అమెరికా నుంచి క్లయింటు ఫోన్లో, ప్రాజెక్టు ఇంకా ‘అప్ ఇన్ ది ఎయిర్’ అన్నాడు. మా డేటా అంతా క్లౌడ్‌లోకి మార్చి అప్పటికి వారమే అయింది. పని సవ్యంగా జరిగిందని మెచ్చుకుంటున్నాడనుకుని థాంక్స్ చెప్పాను. ఏదీ తేలలేదని ఆయన ఏడుస్తున్నాడని మా మేనేజర్ తర్వాత చెప్పాడు.

బిర్యానీ గొడవైతే నేను చచ్చేదాకా మర్చిపోను. శుక్రవారం మధ్యాహ్నం టీమందరికీ తెప్పిద్దామా అని గ్రూపులో అడిగాను. ఏడుగురు కుర్రాళ్ళు ‘అయామ్ అప్ ఫర్ ఇట్’ అని పెట్టారు. ఐదుగురు ‘అయామ్ డౌన్ ఫర్ ఇట్’ అని పెట్టారు. నాకు బోర్డు మీది బాణాలు గుర్తొచ్చాయి. పైకి ఏడు, కిందికి ఐదు. ఏడుగురికే ఆర్డర్ పెట్టాను. ఒంటిగంటన్నరకి ఆ ఐదుగురూ ఆకలితో నా సీటు చుట్టూ చేరాక తెలిసింది, ఫర్ గారి ముందు నిలబడితే మీరూ డౌన్ గారూ ఒకే మాట మీద ఉంటారని. జన్మంతా ఎదురెదురు దిక్కులు చూసుకునేవాళ్ళు బిర్యానీ దగ్గర ఏకమయ్యారు! ఇది మొదటిసారి కూడా కాదట. ఇల్లు ‘బర్న్ అప్’ అయినా ‘బర్న్ డౌన్’ అయినా మిగిలేది బూడిదే కదా.

అసలు మీ పుట్టింట్లోనే మీకు దిక్కు తెలియదు. ఇంగ్లండ్‌లో లండన్ వైపు వెళ్ళే రైలు అప్ రైలు. యార్క్ నుంచి దక్షిణానికి, మ్యాపులో జర్రున కిందికి జారుతున్నా అది అప్పే. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకి వెళ్తే అప్, అక్కణ్ణుంచి గెంటేస్తే డౌన్. ఎత్తు కొండలో లేదు, హోదాలో ఉందన్నమాట. మా దేశానికి రైళ్ళు వేసినప్పుడు ఈ అప్ లైను, డౌన్ లైను కూడా తెచ్చి దించారు. మేం తెలివైనవాళ్ళం కాబట్టి ఆ గొడవలో తల దూర్చలేదు. తెనాలి నుంచి రోజూ విజయవాడ వెళ్ళొచ్చేవాణ్ణి ‘అప్ అండ్ డౌన్ చేస్తున్నాడు’ అని, ఇద్దర్నీ ఒకే సీజన్ టికెట్ మీద ఎక్కించేశాం. అందులో ఏది అప్పో ఏది డౌనో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మీ అసలు రంగు మాత్రం మా అమ్మాయి గ్రామర్ పుస్తకం ముందేసుకున్నాక బయటపడింది. ‘హీ ర్యాన్ అప్ ఎ హిల్’, ‘హీ ర్యాన్ అప్ ఎ బిల్’. చూడ్డానికి కవలలు. కొండ ముందున్న మీరు ప్రిపొజిషన్. ఆ చోటు నుంచి కదలరు. బిల్లు ముందున్న మీరు అడ్వర్బ్. ‘ర్యాన్ ఎ బిల్ అప్’ అని బిల్లు దాటి వెళ్ళి వెనక కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ‘ర్యాన్ ఎ హిల్ అప్’ అంటే మాత్రం పిల్లకి ఒక మార్కు పోతుంది. ఇంతకీ రెండో వాక్యానికి అర్థం ఏమిటనుకున్నారు? ఖాతా పెంచాడు, అప్పు చేశాడు. మా ఊరివాళ్ళు మీకు ఊరికే ఆ పేరు పెట్టలేదు.

పోనీ ఇదంతా చదువుకున్నవాళ్ళ బాధ అనుకుందాం. ఆషాఢం వస్తే మీరు బజారున పడతారు. మొన్న ఒక బట్టల షాపు మీద ‘50 పర్సెంట్ ఆఫ్’ అని మంచమంత అక్షరాలతో బోర్డు కట్టారు. మా ఆవిడ ఎనిమిది చీరలు తీసింది. బిల్లు దగ్గర తగ్గించింది 5 శాతం. అదేమిటని అడిగితే కౌంటర్లో అబ్బాయి బయటికి తీసుకొచ్చి బోర్డు చూపించాడు. 50కి ముందు, ఆవగింజంత సైజులో మీరూ మీ టు గారూ నక్కి ఉన్నారు! తెలుగులో అయితే ‘50 శాతం వరకు’ అని రాయాలి. ఆ ‘వరకు’ అంకె వెనకాలే పెద్దమనిషిలా వస్తుంది, దాన్ని దాచడం కొంచెం కష్టం. మీరు ముందొచ్చే జాతి కాబట్టి గుమ్మం పక్కన చీకట్లో నిలబడ్డారు. "ఏమండీ, ఇంగ్లిష్‌లో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేశారు, ఆ మాత్రం చదవలేకపోయారా?" అని మా ఆవిడ అంది. ఆ మాట మీ ఖాతాలో రాసుకుంటున్నాను.

మా ఇంట్లో మీ అవసరం కూడా లేదు, ఆ సంగతి తెలుసా? మా అమ్మాయి హోంవర్కులో ‘ద క్యాట్ వెంట్ రైట్ బ్యాక్ అప్ ఆంటూ ద కాట్’ అని ఉంది. పిల్లి బయల్దేరాక మంచం చేరేలోపు రైట్, బ్యాక్, అప్, ఆంటూ అని నాలుగు టోల్‌గేట్లు. మొదటి మూడూ అడ్వర్బులట, నాలుగోది ప్రిపొజిషనట, పిల్ల ఒక్కోదాని కింద ఒక్కో రంగు గీత గీసింది. మాకు ‘పిల్లి మళ్ళీ మంచమెక్కింది’ అంటే చాలు. పైకి అన్న సంగతి ‘ఎక్కు’ కడుపులోనే ఉంది. బస్సెక్కుతాం, చెట్టెక్కుతాం, గట్టెక్కుతాం, కోర్టుకెక్కుతాం. కోపం తలకెక్కుతుంది, మొదలుపెట్టిన పని అటకెక్కుతుంది. మధ్యలో మీలాంటి బ్రోకరు ఎవరూ లేరు. శుభ్రమైన క్రియ. ఎక్కడైనా ఒకటే అర్థం.

కాబట్టి నా బాకీలు చూసుకోండి: సున్నా మార్కులు ఒకటి, క్లయింటుకి చెప్పిన దండగ థాంక్స్ ఒకటి, బిర్యానీలు ఐదు, చీరలు ఎనిమిది. వీలైనంత త్వరగా తీర్చగలరు.

ఇట్లు,
ఫెడ్ అప్ అయిపోయి, తర్వాత విత్ పెట్టాలో ఆఫ్ పెట్టాలో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయిన
మీ విధేయుడు

తా.క.: ఉత్తరం కవర్లో పెడుతుంటే దేవుడి గదిలోంచి మా అమ్మ, "ఒరే, దీపం కొండెక్కింది, చూడు" అని కేకేసింది. మా అమ్మాయి బాల్కనీలోకి పరుగెత్తి, "ఏ కొండ, నాన్నా?" అంది. ఆరిపోవడమని చెప్పాను. "మరి ఉల్లిపాయల ధర కొండెక్కిందని నిన్న నువ్వే అన్నావుగా, అదీ ఆరిపోయిందా?" అంది. ఆ చీరల బాకీకి తొందరేమీ లేదు లెండి.